లైటు మీద అంటించిన సోమన్న

కరోనా పోయాక వచ్చిన రెండో ఎండాకాలం సంగతి ఇది. హనుమకొండలో, సుబేదారి దాటి కిందికి దిగే రోడ్డు మీద నాకో రేకుల షెడ్డు ఉంది. కార్ల వైరింగు, స్కానింగు నా పని. బోర్డు మీద స్కానింగు అన్న మాట చూసి ఒకసారి ఒక పెద్దాయన మోకాలు పట్టుకుని లోపలికి వచ్చి కూర్చున్నాడు. అలాంటి స్కానింగు కాదు మాది. ఇప్పటి కార్లలో ఇంజిన్‌కు ఎంత పెట్రోలు పోవాలి, ఎంత గాలి పోవాలి అని చూసుకునేది ఒక చిన్న కంప్యూటరు. దానికేదైనా తేడాగా అనిపిస్తే మీటర్ల దగ్గర ఇంజిన్ బొమ్మతో ఒక పసుపుపచ్చ లైటు వెలిగిస్తుంది. దాన్నే చెక్ ఇంజిన్ లైటు అంటాం. స్టీరింగు కింద ఉన్న సాకెట్‌లో స్కానర్ గుచ్చితే ఆ కంప్యూటరు తన బాధను ఒక కోడుగా చెప్పుకుంటుంది. ఆ బాధ విని, అది నిజమో కాదో తేల్చడం నా వంతు.

ఇంకో మాట కూడా ముందే చెప్పేయాలి. నేను పిరికివాణ్ణి. ఇది వినయం కాదు, కావాలంటే మా ఆవిడను అడగండి. లిఫ్టు ఎక్కను. ఉరిమితే షట్టర్ దించేస్తాను. జాకీ మీద ఉన్న కారు కిందికి దూరే ముందు చక్రాలను తన్ని, తన్ని, మళ్లీ తన్ని చూస్తాను. కస్టమరు నడుపుతుంటే పక్కన కూర్చుని, నా దగ్గరే బ్రేకు ఉన్నట్టు కాలితో నేలను తొక్కుతుంటాను. పక్క షెడ్డు వెల్డరు ఇప్పటికీ ‘సదన్నా, పాము!’ అని ఆటపట్టిస్తాడు, నేను ఇప్పటికీ ఎగిరి పడతాను. ఇంత పిరికివాడు కార్ల పనిలో ఎలా నెట్టుకొచ్చాడని మీకు అనిపించవచ్చు. ఈ కేసు చదివాక అనిపించదనుకుంటాను.

ఆ ఎండాకాలం ఒక పొద్దున సంపత్ వచ్చాడు. మనిషి కంటే ముందు చప్పుడు వచ్చింది. రోడ్డు మలుపు తిరగకముందే డబడబమని రేకులు అదిరాయి. వరంగల్ కొత్తవాడలో వాళ్లది నేల మీద పరిచే జంపఖానాలు నేసే ఇల్లు. తండ్రీ బాబాయీ మగ్గం మీద నేస్తారు. నేసినవాటిని చుట్టలు చుట్టి నెక్కొండ, పాలకుర్తి వైపు ఊళ్లకు తీసుకుపోయి అమ్మేది సంపత్, అతని భార్య స్వరూప. ఎక్కడ పెళ్లి ఉందంటే అక్కడ వాళ్ల గిరాకీ.

కారు మాత్రం జంపఖానాలు మోసే కారు కాదు. ఎవరో కాలేజీ కుర్రాడు ముచ్చటపడి మార్పులన్నీ చేయించి, మోజు తీరాక అమ్మేసిన పాత పెట్రోలు కారు. ఇలాంటివాటిని మాడిఫైడ్ కార్లు అంటాం. చప్పుడు కోసం కంపెనీ ఇచ్చిన సైలెన్సర్ పీకేసి లావుపాటి గొట్టం వేయించాడు. పొగలోని విషాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ అనే డబ్బాను తీసి పారేశాడు. వెనక బంపర్ కింద మాత్రం తళతళలాడే గొట్టం మూతులు రెండు. ఆ మార్పుల మీద సంపత్ తన మార్పులు చేసుకున్నాడు. వెనక సీటు తీసేశాడు. చుట్టలు జారి ముందుకు రాకుండా, ముందు సీట్లకూ వెనక భాగానికీ మధ్య ఇనుప ఫ్రేము బిగించాడు. చుట్టలు పొడుగు కాబట్టి డిక్కీ తలుపు పూర్తిగా పడదు. దాన్ని సగం దించి తాడుతో కట్టి, దుమ్ము రాకుండా ఆ సందుకు టార్పాలిన్ కప్పేవాడు. అద్దాలు ఎప్పుడూ పైకే. జంపఖానా మీద దుమ్ము పడితే ఎవరు కొంటారు?

“అన్నా, లైటు బందు కావాలె. గంతే,” అన్నాడు తాళం నా చేతిలో పెట్టి.

మీటర్ల వైపు చూశాను. “ఏ లైటు తమ్మీ? నాకేం కనవడ్తలేదు.”

సంపత్ కొంచెం నవ్వి, అక్కడ అంటించిన ఒక స్టిక్కరు అంచు గోటితో లేపాడు. కింద చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది. “పాలకుర్తి గుట్ట కాడ కొన్న సోమన్న దేవుని స్టిక్కరు. లైటు సూస్తే స్వరూప పరేషాన్ అయితాంది. అందుకే అంటించిన. దేవుడున్నడు గద, ఏంగాదు.”

“దేవుణ్ణి మొక్కెటందుకు పెట్టుకోవాలె తమ్మీ, లైటు మూసెటందుకు కాదు,” అన్నాను. నాకు ఒళ్లు మండింది. లైటు మీద నల్ల టేపు వేసినవాళ్లను చూశాను, బల్బే పీకించినవాళ్లను చూశాను. ఆ పనికి దేవుణ్ణి పెట్టినవాడు ఇతనే.

స్కానర్ పెట్టాను. సిస్టమ్ టూ లీన్ అని కోడు వచ్చింది. ఇంజిన్‌లోకి పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ పోతోందని దాని అర్థం. ఈ సంగతి కంప్యూటరుకు చెప్పేది ఆక్సిజన్ సెన్సర్. అది పొగగొట్టంలో కూర్చుని, వచ్చే పొగలో ఎంత గాలి మిగిలిందో చూస్తుంది. ఆ సెన్సర్ వైర్లు వేడికి మాడిపోయి ఉన్నాయి. సెన్సర్ మార్చాను, ఎయిర్ ఫిల్టర్ దులిపాను, కోడు చెరిపేశాను. లైటు ఆరిపోయింది. సంపత్ సంతోషంగా డబడబలాడిస్తూ వెళ్లిపోయాడు.

వారం తిరగకుండానే మళ్లీ డబడబ.

“నెక్కొండ పోయొచ్చిన్నో లేదో, మళ్ల వచ్చిందన్నా. ఆ చౌరస్తా కాడ ఒగలు లాప్‌టాప్ పెట్టి, లైటు జన్మల రాకుంట జేస్తనంటానరు. చేపియ్యాల్నా?”

“చేపియ్యి. రేపు ఇంట్ల పొల్లగాడు ఏడుస్తాంటే నోట్ల గుడ్డ కుక్కు. ఏడుపు ఇనవడది,” అన్నాను. సంపత్ తల దించుకున్నాడు. నేను కొంచెం ఎక్కువే అరిచాను. కానీ ఈ లైటు ఆర్పించడం అనే వ్యాపారం చూస్తే నాకు తిక్కరేగుతుంది.

ఈసారి స్పార్క్ ప్లగ్గులు విప్పాను. పెట్రోలును మండించే నిప్పురవ్వ వీటి కొన దగ్గరే పుడుతుంది. పెట్రోలు తక్కువ పోయే ఇంజిన్‌లో ప్లగ్గు కొన తెల్లగా ఉండాలి. ఇవి కుంపటి అడుగులా నల్లగా ఉన్నాయి. అంటే పెట్రోలు చాలా ఎక్కువ పోతోంది. కంప్యూటరేమో తక్కువైందని ఏడుస్తోంది, ప్లగ్గేమో ఎక్కువైందని చెబుతోంది. రెండింట్లో ఒకటి అబద్ధమాడుతోంది. ఎక్కువైన పెట్రోలు ఎటు పోతోంది? కారు ఇక్కడే వదిలిపొమ్మన్నాను.

“రేపు స్వరూపను దవాఖానకు తీస్కపోవాలె అన్నా. కడుపుతోని ఉన్నది.” ఆ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు. “పెండ్లయిన ఏడేండ్లకు. ఎవ్వలకు చెప్తలేం ఇంకా. దవాఖాన కాంచి సక్కగ నీ దగ్గరికే వస్త.”

మర్నాడు వచ్చాడు. ముందు సీటు ఖాళీగా ఉంది. భార్యను ఇంటి దగ్గర దింపి వచ్చాడేమో అనుకుంటూ, సామాను చూద్దామని డిక్కీ తాడు విప్పి టార్పాలిన్ పక్కకు తీశాను. లోపల, జంపఖానాల మీద ఒక ఆడమనిషి పడి ఉంది. కదల్లేదు.

“స్వరూపా, లే, వచ్చినం,” అన్నాడు సంపత్ మామూలుగా. ఆమె లేవలేదు. భుజం పట్టి ఊపాడు. ఇంకోసారి ఊపాడు. అప్పుడు కళ్లు తెరిచి, మేమెవరమో తెలియనట్టు చూసింది. సంపత్ నా వైపు తిరిగి, కొంచెం గర్వంగానే చెప్పాడు: “సీట్ల కూసుంటె కుదుపులకు నడుము నొస్తాందట అన్నా. అందుకే నాలుగు జంపఖానలు మెత్తగ పరిచి పండవెట్టి తీస్కవస్త. ఎంత దూరమైనా మంచిగ నిద్రవోతది.”

ఆమెను నీడలో స్టూలు మీద కూర్చోబెట్టాం. తల రెండు చేతుల్లో పట్టుకుంది. పక్కనే లలితక్క అని బట్టలు కుట్టే ఆవిడ దుకాణం ఉంది. ఆమె మజ్జిగ తెచ్చి ఇచ్చింది. కాసేపటికి స్వరూప మొహంలోకి రంగు వచ్చింది, మాట వచ్చింది. వచ్చాక ఆగలేదు. బేరం చేసే మనిషి కదా.

“అన్నా, ఈ కారుకు జర మందు వెయ్యి. ఇంటికాడ మంచిగనే ఉంట. కార్ల ఎక్కంగనే తల వగిలిపోతది, వాంతికొస్తది. దిగితే మళ్ల పోతది.”

“కడుపుతోని ఉన్నోళ్లకు గట్లనే ఉంటదన్నా, అమ్మ గూడ అదే అన్నది,” అన్నాడు సంపత్. “దిష్టి తీసినం గూడ.”

“డాక్టరమ్మ ఏమన్నది?” అని అడిగాను.

“ఇంట్ల పొగ గిట్ల ఉన్నదా, కట్టెల పొయ్యా అని అడిగింది. లేదు మేడం, గ్యాసే అని చెప్పిన,” అంది స్వరూప. తర్వాత ఏదో గుర్తొచ్చి నవ్వింది. “ఇంకో ముచ్చట. నీ తమ్మునికి జర బుద్ధి చెప్పు. అడుగు జంపఖానకు పోయినప్పుడల్ల నల్ల మచ్చలు వడ్తానయ్. ఎంత సబ్బు వెట్టినా పోతలేవు. కారు కడుగుమంటే కడుగడు.”

“ఈమెనే మగ్గం కింద ఆయిల్ల ఏసి, నన్నంటాంది!”

“ఆయిలైతే గుండ్రంగ వడ్తదా? నేనేమన్న రూపాయి బిళ్ల పెట్టి దిద్దిన్నా?”

వాళ్ల గొడవ వాళ్లది. నేను అడుగు జంపఖానా తిరగేసి చూశాను. తెల్ల నూలు మీద నల్లగా, గుండ్రంగా మచ్చలు. వరుసగా ఉన్నాయి. ఆ వరుస నేల మీద ఫ్రేము బోల్టుల వరుసకు సరిపోయింది. కొన్ని బోల్టులు కుదుపులకు ఊడిపోయి, రంధ్రాలు బోసిగా ఉన్నాయి. నల్ల మచ్చ, తలనొప్పి, ఎక్కువైన పెట్రోలు. మూడూ కలిపితే నా పిరికి బుర్రకు ఒకటే తట్టింది. మంట. ఎక్కడో పెట్రోలు కారుతోంది, దాని ఆవిరి ఈ రంధ్రాల్లోంచి పైకి వస్తోంది, ఒక్క నిప్పురవ్వ చాలు.

కానీ కారు నిలబడి ఉన్నప్పుడు ఏమీ కారడం లేదు. కారేదైతే రోడ్డు మీద, బరువుతో పోతున్నప్పుడే కారాలి. అది చూడాలంటే వెనక కూర్చుని పోవాలి. నాకు ఇష్టం లేదు. అయినా స్వరూప అందులోనే పడుకుని ఇంటికి పోతుందని తెలిశాక ఇష్టం లేదని ఎలా అంటాను? ఆమెను లలితక్క దగ్గర ఉండమని చెప్పాం. నేను నీళ్ల సీసా, టార్చి, స్కానర్ పట్టుకుని వెనక జంపఖానాల మీదికి ఎక్కాను. స్కానర్ పొడుగు తీగను ఫ్రేము సందులోంచి ముందుకు పంపించాను.

“సంపత్, నువ్వు రోజు ఎట్ల పోతవో గట్లనే పో. తాడు, టార్పాలిన్, ఏసీ, అన్ని గట్లనే.”

ఊరు దాటి నెక్కొండ రోడ్డెక్కేదాకా నేను పడిన భయం మామూలుది కాదు. ముక్కుతో వెతుకుతూనే ఉన్నాను. రంగుల వాసన, కొత్త నూలు వాసన, సంపత్ ముందు వేలాడదీసిన సెంటు వాసన. ఎక్కడో అడుగున పొగ వాసన కూడా ఉంది, కానీ ఆ చప్పుడుగొట్టం కారులో పొగ వాసన రాకపోతేనే వింత అనుకున్నాను. నేను వెతుకుతున్నది పచ్చి పెట్రోలు వాసన. అది రావడం లేదు. స్కానర్‌లో అంకెలు మాత్రం దారుణంగా ఉన్నాయి. పెట్రోలు చాల్లేదని సెన్సర్ చెప్పడం, కంప్యూటరు ఇంకాస్త పోయడం, మళ్లీ చాల్లేదనడం, మళ్లీ పోయడం. కుదుపు కుదుపుకూ ఇప్పుడే అంటుకుంటుందేమో అని నా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను.

తర్వాత కొంచెం తల నొప్పి పెట్టింది. ఎండ అనుకున్నాను. తర్వాత జంపఖానాల మెత్తదనం తెలిసింది. ఏసీ చల్లగా ఉంది. సంపత్ బండి తోలడం బాగుంది. ఎదురుగా లారీ హారను కొట్టుకుంటూ పోయింది. సంపత్ దాన్ని దాటిన తీరుకు మామూలుగా అయితే నేను అరిచి గోల చేసేవాణ్ణి. అరవలేదు. పోనీలే అనిపించింది. ఒక్క క్షణం కళ్లు మూసుకుంటే ఏం పోతుంది అనిపించింది.

అప్పుడు తట్టింది. నాకు భయం వేయడం లేదు.

పుట్టి బుద్ధెరిగాక నేను కారులో భయం లేకుండా కూర్చున్నది లేదు. లారీ అంత దగ్గరగా పోతే నా కాలు నేలను తొక్కలేదు. అది నేను కాదు. నాకేదో అవుతోంది. లేవబోయాను, కాళ్లు లేవలేదు. స్కానర్ చేతిలోంచి జారింది, వేళ్లు ముడుచుకోవడం లేదు. “సంపత్!” అని అరిచాననుకున్నాను. ఆ గొట్టం చప్పుడులో నా అరుపు నాకే వినిపించలేదు. మధ్యలో ఇనుప ఫ్రేము. చేయి పెట్టి అతని భుజం తట్టడానికి అందదు. వెనక టార్పాలిన్ ఉంది, పాకడానికి ఒంట్లో సత్తువ లేదు. అప్పుడు వచ్చింది భయం, అసలైన భయం. ఇంతకాలం నేను భయపడింది మంటకు. నిద్రకు కాదు.

కాలి చెప్పు ఎలా తీశానో తెలియదు. ఫ్రేము సందులోంచి ముందుకు విసిరాను. అది పోయి మీటర్ల మీద, సరిగ్గా సోమన్న స్టిక్కరు మీద పడింది.

కారు కీచుమని ఆగింది. సంపత్ దిగి, వెనక్కి వచ్చి, టార్పాలిన్ లాగి పారేశాడు. “అన్నా! దేవుని మీద చెప్పు ఏస్తవా! పాగల్ గిట్ల అయినవా!” అని చేయెత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. నేను ఫ్రేము మీద వాలిపోయి ఉన్నాను. నన్ను సంకల్లో చేతులు వేసి లాగి, రోడ్డు పక్కన తుమ్మచెట్టు కింద పడేశాడు. కడుపులో ఉన్నదంతా కక్కేశాను. సీసాలో నీళ్లన్నీ నా నెత్తిన పోశాడు. కాసేపటికి ఆకాశం ఆకాశంలా కనిపించింది.

“తమ్మీ,” అన్నాను మాట కూడదీసుకుని, “స్వరూప గీడ ఎంతసేపు పండుకుంటది?”

సంపత్‌కు అర్థం కాలేదు. చెప్పాను. పెట్రోలు సరిగా మండకపోతే పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే గాలి ఎక్కువవుతుంది. దానికి రంగు లేదు, తనదంటూ వాసన లేదు. రక్తంలోకి పోయి ప్రాణవాయువు స్థానాన్ని ఆక్రమిస్తుంది. మనిషి గిలగిల కొట్టుకోడు, కేక వేయడు. తలనొప్పి, వాంతి, తర్వాత హాయిగా నిద్ర. “మంచిగ నిద్రవోతది అన్నవు గద తమ్మీ. అది నిద్ర కాదు.”

అతను నన్ను చూశాడు, కారును చూశాడు, పరిచిన జంపఖానాలను చూశాడు. “నేనే పరిచిన అన్నా,” అన్నాడు. “సుఖంగ ఉంటదని నేనే మెత్తగ పరిచిన.” జేబులోంచి ఫోన్ తీశాడు. “మరి కడుపుల పిల్ల?”

నేను రోడ్డు వైపు కళ్లు తిప్పుకున్నాను.

స్వరూపకు ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. లలితక్క నంబరు నా దగ్గర ఉంది. ఆమె కూడా ఎత్తలేదు. ఆ కారులో మళ్లీ అడుగు పెట్టడానికి నేను ఒప్పుకోలేదు, అతనూ పెట్టలేదు. దారిన పోయే ఆటోను ఆపి ఎక్కాం. పొద్దున కారులోంచి దిగినప్పుడు ఆమె కళ్లు ఎలా ఉన్నాయో నాకు గుర్తొస్తూనే ఉంది. ఆ విషం దిగిన వెంటనే పోయేది కాదని, రక్తంలో చాలాసేపు పట్టుకుని ఉంటుందని నాకు తెలుసు. ఆ మాట సంపత్‌కు చెప్పలేదు. అతను దారంతా ఫోన్ నొక్కుతూనే ఉన్నాడు, “ఎత్తు, ఎత్తవే,” అంటూనే ఉన్నాడు.

షెడ్డు ముందు స్టూలు ఖాళీగా ఉంది. లలితక్క గడప దగ్గర మిషను తొక్కుతోంది. ఆ చప్పుడుకు ఆమెకు ఏ ఫోనూ వినపడలేదు. మా మొహాలు చూసి లేచి నిలబడింది. “ఏమైంది? పిల్లకు నిద్రొస్తాందంటే లోపల పండవెట్టిన.”

నిద్ర అన్న మాట వినగానే సంపత్ లోపలికి పరుగెత్తాడు. గుడ్డల మూటల మధ్య స్వరూప పక్కకు తిరిగి పడుకుని ఉంది. రెండు భుజాలు పట్టి ఎత్తి కూర్చోబెట్టి ఊపేశాడు. ఆమె ఉలిక్కిపడి లేచి, అతన్ని తోసేసింది. “ఏందయ్యా నువ్వు! జరసేపు పండుకోనియ్యవా?”

సంపత్ అక్కడే కూలబడి ఏడ్చాడు. లలితక్కకు ఏమీ అర్థం కాక, ఆమె కూడా ఏడ్చింది.

పొద్దున వెళ్లిన దవాఖానకే మళ్లీ వెళ్లాం. డాక్టరమ్మకు నేనే చెప్పాను. పొగ ఇంట్లో కాదమ్మా, కారులో అని. ఆమె ఇంకో ప్రశ్న వేయకుండా స్వరూపను లోపలికి తీసుకుపోయి, మూతికి ఆక్సిజన్ పెట్టించింది. రక్తం తీయించింది. నన్ను కూడా వదల్లేదు. తర్వాత స్కానింగు అన్నారు. ఈసారి స్కానింగు నాది కాదు. వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డాం ఇద్దరం. తలుపు అవతల డాక్టరమ్మ మాట ఆగిపోయింది. ఏమీ వినపడటం లేదు. సంపత్ నా మణికట్టు పట్టుకున్నాడు. ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే ఆ గోళ్ల గాట్లు మరుసటి రోజు కూడా ఉన్నాయి. ఇంజిన్ స్టార్ట్ కాకపోతే ఏం చేయాలో నాకు పది దారులు తెలుసు. ఆ తలుపు ముందు ఒక్కటీ పనికిరాదు.

తర్వాత వచ్చింది చప్పుడు. టకటకటక అని, గుర్రం పరుగెత్తినట్టు.

డాక్టరమ్మ బయటికి వచ్చి నవ్వలేదు. “గుండె బాగానే కొట్టుకుంటోంది. ఇప్పటికైతే పిల్ల క్షేమం. కానీ ఇన్నాళ్ల పొగ వల్ల లోపల ఏమైనా దెబ్బ తగిలిందా అంటే ఈ రోజు ఎవరూ చెప్పలేరు. జాగ్రత్తగా చూసుకుంటూ పోదాం,” అంది.

మర్నాడు కారును తాడు కట్టి లాక్కొచ్చి ర్యాంపు మీదికెక్కించి, కిందికి దూరాను. చక్రాలు తన్నడం మరచిపోలేదు. అంతా తెలిసిపోయింది. ముందు ఇంజిన్ దగ్గర, కొత్త గొట్టం కలిసేచోట గాస్కెట్ కాలిపోయింది. గాస్కెట్ అంటే అతుకు దగ్గర సందు లేకుండా వేసే పలక. ఆ సందులోంచి బయటి గాలి గొట్టంలోకి దూరి సెన్సర్‌కు తగులుతోంది. గాలి ఎక్కువైంది, పెట్రోలు పోయమని సెన్సర్ చెప్పింది. కంప్యూటరు పాపం నమ్మి పోస్తూ పోయింది. దాంతో పొగ విషమైంది. ఆ విషాన్ని తగ్గించే డబ్బా ఎప్పుడో పోయింది. ఇక వెనక బంపర్ కింద తళతళలాడే గొట్టం మూతులు ఉత్త డమ్మీలు, స్క్రూతో బిగించిన అలంకారాలు. అసలు గొట్టాన్ని ఆ కుర్రాడు చప్పుడు కోసం మధ్యలోనే కోయించాడు. పొగంతా సరిగ్గా ఆమె పడుకున్న నేల కిందే బయటికొస్తోంది. కొంత జంపఖానా మీద మసి మచ్చలు వేస్తూ బోల్టు రంధ్రాల్లోంచి, కొంత సగం కట్టిన డిక్కీ సందులోంచి లోపలికి పోతోంది. అక్కడ టార్పాలిన్ దాన్ని బయటికి పోనివ్వకుండా కాపలా కాస్తోంది. ముందు ఏసీ బయటి గాలిని మొహం మీదికి కొడుతుండబట్టి సంపత్‌కు అంతగా ఎక్కలేదు.

పాత సైలెన్సర్ లాంటిది వెతికి బంపర్ అవతలి దాకా వేయించాను. కన్వర్టర్ పెట్టించాను, గాస్కెట్ మార్చాను, రంధ్రాలన్నీ వెల్డింగుతో మూయించాను. లైటు ఆరిపోయింది. ఆ తర్వాత ఇప్పటిదాకా రాలేదు. సంపత్ సోమన్న స్టిక్కరును జాగ్రత్తగా ఒలిచి, అద్దం మీద పైన అంటించాడు. లైటు ఉండే చోటును తడిగుడ్డతో తుడిచి తుడిచి, అద్దంలా చేశాడు. వెనక సీటు మళ్లీ వేయించాడు. జంపఖానాలు ఇప్పుడు ట్రాలీ ఆటోలో పోతున్నాయి.

ఆమె కనేదాకా నేను వాళ్ల ఫోన్ వస్తే ఎత్తడానికి భయపడ్డాను, రాకపోతే ఇంకా భయపడ్డాను. చలికాలంలో ఒక మధ్యాహ్నం సంపత్ ఫోన్ చేశాడు. ఫోన్‌లో పసిపిల్ల ఏడుపు వినిపిస్తోంది. అది వినిపించడానికే చేశాడు. ఆడపిల్ల. చూపు, వినికిడి, కాళ్లూ చేతులూ అన్నీ చూసి బాగుందని డాక్టరమ్మ చెప్పాక కూడా, మాట వచ్చేదాకా, నడక వచ్చేదాకా మా ఇద్దరికీ లోపల ఒక గుబులు ఉండనే ఉంది.

ఈ కేసు తర్వాత నా పనిలో ఒక మార్పు వచ్చింది. లైటు వెలుగుతోందని ఎవరు కారు తెచ్చినా, స్కానర్ తీయకముందే ఒకటి అడుగుతాను: ఈ కారులో వెనక ఎవరు కూర్చుంటారు? లైటుకూ దానికీ సంబంధం ఏమిటని కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ. నా భయాన్ని చూసి నేనే నవ్వుకోవడం కూడా మానేశాను. ఆ రోజు అది కొద్దిసేపు నన్ను వదిలిపోతే ఏమైందో చూశాను కదా.

మొన్న దసరా ముందు సంపత్ వాళ్లు సర్వీసింగుకు వచ్చారు. వెనక సీట్లో స్వరూప ఒడిలో పాప నోరు తెరుచుకుని నిద్రపోతోంది. సంపత్ ఇంజిన్ ఆపీ ఆపకముందే వెనక్కి తిరిగి, “లేపు, ఒక్కసారి లేపు,” అన్నాడు.

“సూడన్నా,” అని స్వరూప నాకు మొరపెట్టుకుంది. “ఇంటికాడి నుంచి గీడికి మూడుమాట్ల కారాపి లేపిండు. కారంత మంచిగున్నది, లైటు లేదు, పొగ లేదు. అయినా పొల్లను కార్ల కన్ను మూయనియ్యడు. నువ్వన్న చెప్పు.”

సంపత్ నా వైపు చూశాడు. కారు బాగుందని చెప్పాల్సింది నేనే. నిజంగానే బాగుంది, నేనే చేశాను. అతని చేయి అప్పటికే పాప పాదం మీద ఉంది, బొటనవేలితో గిలిగింతలు పెడుతోంది.

“లేపు తమ్మీ,” అన్నాను. “జర ఏడ్వనియ్యి. ఇందాం.”